పిట్టగోడ మీది బాతులు

అరవవు అని చెప్పి అమ్మాడు. ఆ ఒక్క మాటకే కొన్నాను.

సంగారెడ్డి అంగడిలో ఒక మూలన గంప పెట్టుకుని కూర్చున్నాడతను. లోపల నాలుగు ఆడ బాతులు, ఒక మగది. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్లు, కళ్ల చుట్టూ ఎర్రటి కండ ముడతలు. చూడటానికి అందమైన పక్షులు కావు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఉద్యోగం నుంచి దిగిపోయిన పెద్దాయన ఒకాయన ఉంటాడు. మా కోడి కూస్తే ఆయనకు నిద్ర పాడు, మా మిక్సీ తిరిగితే ఆయనకు తలనొప్పి. అరవని పక్షి అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"గివి మామూలు బాతుల లెక్క లొల్లి చెయ్యయి అక్కా. జెర బుస్సుమంటయి, గంతే," అన్నాడు అమ్మేవాడు.

అబద్ధమేమీ చెప్పలేదు. అవి నిజంగానే అరవలేదు. మగది కోపమొస్తే తల ముందుకూ వెనక్కూ ఆడిస్తూ బుస కొట్టేది, ఆడవి గొంతులో సన్నగా ఏదో గొణుక్కునేవి. ఎగురుతాయని మాత్రం అతను చెప్పలేదు. నేనూ అడగలేదు. బాతును కొనేటప్పుడు ఎగురుతుందా అని అడిగేవాళ్లు ఎవరుంటారు?

ఎండాకాలమంతా బుద్ధిగా దొడ్లో తిరిగాయి. తొట్టిలో మునిగాయి, నా తోటకూర మడి తిన్నాయి, తిట్లూ తిన్నాయి. తొలకరి పడ్డాక ఒక పొద్దున నేను స్లాబు మీద వడియాల గుడ్డ దులుపుతుంటే నా తల మీదుగా పెద్ద గాలి వీచింది. ఏమిటా అని చూసేలోపు ఒక ఆడ బాతు పిట్టగోడ మీద దిగి, రెక్కలు సర్దుకుని, నన్ను చూసి తోక ఊపింది. దాని వెనకే రెండోది. మా అత్తమ్మ కింద నుంచి అంతా చూసింది.

"పిల్లా, నువ్వు కొన్నది బాతులనా, గద్దలనా?" అని అడిగింది.

మగ బాతు మాత్రం ఎగరలేకపోయింది. అది ఆడవాటికంటే రెండింతలు బరువు. దొడ్లో ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తి, రెక్కలు కొట్టి, మూరెడు ఎత్తు లేచి, కూలబడేది. తర్వాత తల ఒక పక్కకు వంచి, ఒంటికన్నుతో పైకి చూస్తూ నిలబడేది. మా ఆయన బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే కంపెనీలో షిఫ్టుల పని చేస్తాడు. డ్యూటీ దిగి వచ్చి అరుగు మీద కూర్చుని దాన్ని చూసి జాలిపడేవాడు. ఇంట్లో తనకు తోడు దొరికినట్టు మాట్లాడేవాడు దానితో.

ఆ రోజు నుంచి మా స్లాబు బాతులదైపోయింది. పిట్టగోడ పొడుగునా వరుసగా కూర్చునేవి, కూర్చున్న చోటల్లా రెట్టలు. ఉతికి ఆరేసిన మా ఆయన యూనిఫాం మీద, పాప స్కూలు గౌను మీద, దుప్పట్ల మీద. రెండుసార్లు ఉతికిన బట్టల్ని మూడోసారి ఉతికే ఓపిక నాకు లేదు. తిట్టుకుంటూ దండెం విప్పుకొచ్చి కింద దొడ్లో, మునగచెట్టుకూ బాత్రూం గోడకూ మధ్య కట్టాను. వాటి పని వాటిది, నా పని నాది అనుకున్నాను.

బాతులు పెట్టే బాధంతా గుడ్డు చూస్తే పోయేది. పెద్ద గుడ్డు, గట్టి పెంకు, లోపల పసుపు ముద్ద. మా పాప రెండో తరగతి. పప్పు వాసన గిట్టదు, కూర ముక్కలు ఏరి పళ్లెం అంచున పెడుతుంది, అన్నం నోట్లో పెట్టుకుని అరగంట ఆలోచిస్తుంది. అలాంటి పిల్ల బాతు గుడ్డు ఉడికించి ఉప్పు చల్లి ఇస్తే ఒక్కటి మొత్తం తినేది. బుగ్గలు కాస్త నిండాయి. గౌను నడుం దగ్గర బిగుతైంది. నాకైతే ఆ బిగుతు చూసి ఊరంతా చెప్పుకోవాలనిపించింది, చెప్పుకున్నాను కూడా. ఆ గుడ్డే నా ప్రాణం మీదికి వచ్చింది.

ఎందుకో చెప్పాలంటే మా ఊరి నీళ్ల గురించి చెప్పాలి. మా ఊరు కంది దగ్గర, హైవేకి కొంచెం లోపలికి ఉంటుంది. ఊరికి ఒక పక్క ఒక కంపెనీ, దాని గోడ వెనక వాళ్లు వాడిన నీళ్లు నిలబెట్టే పెద్ద మడుగు. హైవేకి అవతల పక్క పొలాలు, వాటిని ఆనుకుని పెద్ద ఇంజినీరింగ్ చదువుల క్యాంపస్. నేను కోడలిగా వచ్చిన కొత్తలో చెంబుతో నీళ్లిస్తే మా అత్తమ్మ ముందు వాసన చూసి, తర్వాత తాగింది. నా చేతి నీళ్లు అనుమానిస్తుందేమోనని లోపలికి వెళ్లి ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఈ ఊళ్లో అందరూ అంతే. ఎప్పుడో వాగు నీళ్లు పాడైన రోజుల్లో పట్టుకున్న అలవాటు. ఇప్పుడు ఇంటింటికీ మంచి నీళ్ల నల్లా ఉంది, డబ్బా నీళ్లు కూడా వస్తాయి. అయినా పెళ్లి పందిట్లో సీసా మూత తీసినా మావాళ్లు ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. బయటి ఊరి చుట్టాలు నొచ్చుకుంటారు కూడా. ఇన్నేళ్లలో నాకూ అదే అలవాటైంది.

మా చెరువంతా గుర్రపు డెక్క అల్లుకుంది, బాతు దిగడానికి చేతెడు నీటి జాగా లేదు. అందుకే కాబోలు, వానలు ముదిరాక మా ఆడ బాతులు పొద్దున గుడ్లు పెట్టడం కాగానే పిట్టగోడ ఎక్కి, అక్కడి నుంచి లేచి ఎటో వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చేవి. కడుపులు నిండుగా, ఒళ్లు తడిగా ఉండేవి. ఎక్కడికి వెళ్తే ఏమిటి, మేత ఖర్చు తప్పింది అని నేను సంబరపడ్డాను. ఎవరి బాతులో తెలియాలి కదా అని నా పాత చిలకపచ్చ చీర చింపి, నాలుగింటి కాళ్లకూ పీలికలు కట్టాను. మావైపు కోళ్లకు అలాగే కడతాం.

ఆ తర్వాత పాపకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి.

మొదట మెడ దగ్గర, తర్వాత భుజాలు, వీపు. ఎర్రగా పొంగి, గోకితే మంట. దోమలనుకుని కొబ్బరినూనె రాశాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. సంగారెడ్డి తీసుకెళ్తే డాక్టరు పూతమందు రాసిచ్చి, ఒంటికి ఏదో పడలేదు, కొన్నాళ్లు గుడ్డూ చేపా ఆపి చూడమన్నాడు. ఆ మాట మోసుకుని ఇంటికి వచ్చేసరికి గోడ పక్క పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బిడ్డా, మీ బాతులు రోజూ కంపెనీ దిక్కు వోతున్నయి. నేను కండ్లార సూసిన. గా మడుగు మీదికే వొయినయి," అన్నాడు.

అరుగు అంచున కూలబడ్డాను. ఆ నీళ్లు తాగిన బాతు పెట్టిన గుడ్డు, నా చేత్తో ఒలిచి, ఉప్పు చల్లి, ఇంకో ముక్క తిను, ఇంకో ముక్క తిను అని బతిమాలి నా బిడ్డకు పెట్టాను. ఇంకేమీ గుర్తురాలేదు నాకు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడినా బాగుండేది. పాపను దగ్గరికి పిలిచి, గౌను భుజం మీది నుంచి జరిపి, దద్దుర్లను చాలాసేపు చూశాడు.

"గసొంటి నీళ్లల్ల ఏముంటదో నాకు ఎర్క. ఇగ గుడ్లు వద్దు. బాతులను అంగట్ల ఇచ్చేద్దాం," అన్నాడు.

"గవి ఇసం నీళ్లు తాగినయంటే ఇంకోళ్ల పిల్లలకు అంటగడ్తమా?" అంది అత్తమ్మ. "అమ్ముడు లేదు. పూడ్చిపెట్టుడే."

నాకు బాతుల మీద జాలి కలగలేదు ఆ క్షణాన. బాతులు పోతే పోనీ. పాప ఒంట్లోకి పోయింది బయటికి ఎలా పోతుంది? అవి నిజంగా ఆ మడుగులోనే దిగుతున్నాయా లేదా అన్నది తెలియాలి. ముందు అది తెలియకుండా వాటిని పూడ్చిపెడితే, జన్మంతా పాప ప్రతి దగ్గుకీ, ప్రతి జ్వరానికీ నేను వణుకుతూనే ఉండాలి. అందుకే ఒక వారం ఆగమని అడిగాను. అత్తమ్మ సరే అంది, కానీ గుడ్లు మాత్రం ఇంట్లో ఉండకూడదంది.

"నేనే రోజూ పెంటకుప్పల పారేస్త. నువ్వు ముట్టకు," అంది.

ముట్టనన్నాను. కానీ ముట్టాను. పొద్దున్నే ఆమె లేవకముందు బాతుల గూట్లోంచి ఒక గుడ్డు తీసి బియ్యం డబ్బాలో దాచేదాన్ని. పాప స్నానానికి వెళ్లినప్పుడు ఉడికించి, పొయ్యి దగ్గర నిలబడే తినేదాన్ని. విషమే అయితే నా ఒంటి మీదా దద్దుర్లు రావాలి కదా. తిన్నాక అద్దంలో మెడ చూసుకునేదాన్ని, జాకెట్టు చేతులు పైకి లాగి చూసుకునేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. సంతోషించాల్సింది పోయి, పెద్దదాన్ని కదా, నాకు తట్టుకునే శక్తి ఉంటుంది, చిన్నపిల్లకు ఉండదు అని మళ్లీ భయం. సాయంత్రం తిరిగొచ్చిన బాతును పట్టుకుని దాని కాళ్లు, పొట్ట వాసన చూసేదాన్ని. బాతుకు బాతు వాసనే వచ్చేది.

మందార మొక్క మొదట్లో ఒకటి రెండుసార్లు గుడ్డు పెంకులు కనిపించాయి. ముంగిస పని అనుకుని వదిలేశాను. నా బుర్ర అప్పుడు ముంగిసల దగ్గర లేదు.

తేలేదాకా వాటిని కదలకుండా చూడాలని కోళ్ల గూట్లో వేసి మూశాం. గూడు చాలలేదు, ముక్కులు తడికకేసి కొట్టుకుని రక్తాలు తెచ్చుకున్నాయి. మా ఆయనతో పనిచేసే ఒక బెంగాలీ అబ్బాయి వాళ్ల ఇంటి నిండా బాతులేనట. ఫోన్లో అడిగితే రెక్క ఈకలు కత్తిరించమన్నాడు, కానీ ఒక్క పక్కే కత్తిరించాలని మరీ మరీ చెప్పాడట. నేను కత్తెర తెచ్చాను. మా ఆయన బాతును ఒడిలో పట్టుకుని ఒక రెక్క విప్పాడు. ఈకలు కోసేసి వదలబోతుంటే అత్తమ్మ అడ్డొచ్చింది.

"గదేంది, ఒక్క దిక్కే? అవిటిదాని లెక్క చేస్తరా ఇంటి జీవాన్ని? రెండు దిక్కులు సమానం కొయ్యి," అంది.

"గాయన ఒక్క దిక్కే అన్నడమ్మా," అన్నాడు మా ఆయన.

"గాయన ఇంట్ల గాయన పద్ధతి. మనింట్ల గట్ల చెయ్యం."

అత్తమ్మ పద్ధతి మా ఇంట్లో చట్టం. రెండు పక్కలా సమానంగా, కొలిచినట్టు, నాలుగింటికీ కత్తిరించాం. పని నీట్‌గా చేశామని ముగ్గురం మెచ్చుకున్నాం. మర్నాడు పొద్దున గూడు తెరిస్తే బాతులు కాసేపు దొడ్లో పరిగెత్తాయి, కాస్త ఎక్కువ రెక్కలు కొట్టాయి, హాయిగా పిట్టగోడ ఎక్కాయి. ఒక పక్కే కోస్తే తూకం తప్పి పడిపోతాయట, ఎగరలేవట. రెండు పక్కలా సమానంగా కోస్తే తూకం అలాగే ఉంటుందట. ఈ సంగతి తర్వాత ఆ అబ్బాయి నవ్వీ నవ్వీ చెప్పాడు. అత్తమ్మ న్యాయబుద్ధి వల్ల మా బాతులకు కొంచెం కష్టం పెరిగింది, అంతే.

కానీ ఆ కష్టమే నాకు పనికొచ్చింది. ఇంతకుముందు అవి లేచాయంటే క్షణంలో చుక్కలైపోయేవి. ఇప్పుడు తక్కువ ఎత్తులో, మెల్లగా, బరువుగా ఎగురుతున్నాయి. స్కూటీ మీద వెంటపడొచ్చు అనిపించింది. పాపను స్కూలు బస్సు ఎక్కించి వచ్చి స్కూటీ తీశాను. అత్తమ్మ వెనక ఎక్కింది. నేను రోడ్డు చూడాలి, ఆమె ఆకాశం చూడాలి, అది ఒప్పందం.

బాతులు లేచాయి. లేచి, పెద్దాయన చెప్పినట్టే, నేరుగా కంపెనీ వైపు తిరిగాయి.

"గటే వోతున్నయి," అంది అత్తమ్మ నా చెవిలో. ఆమె చేయి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

కంపెనీ గోడ దగ్గరికి వచ్చాం. మడుగు వాసన ముందే తగిలింది. బాతులు గోడ దాటాయి. నేను బండి ఆపేశాను, దిగలేదు. హ్యాండిల్ పట్టుకుని తల దించుకుని కూర్చున్నాను. పాప పళ్లెంలో సగం కొరికిన గుడ్డే కళ్ల ముందు. దేవుడా, నా బిడ్డకు ఏమీ కాకుండా చూడు, నేనే చేశాను, నాకే ఇవ్వు అని ఎన్నిసార్లు అనుకున్నానో.

"పిల్లా, తల ఎత్తు. మర్రుతున్నయి," అంది అత్తమ్మ.

మడుగు పైన అవి దిగలేదు. గాలికి ఎదురుగా లేచి, ఎత్తు అందుకోవడానికి అంత దూరం వచ్చాయి కాబోలు, మడుగు అంచున పెద్ద వంపు తిరిగి మా తల మీదుగా హైవే వైపు సాగాయి. పెద్దాయన రోజూ తన అరుగు మీది నుంచి చూసింది సగమే. వంపు తిరగడం కనబడకుండా ఆయనకు చింతచెట్టు అడ్డం.

ఇక నా బండి ఆగలేదు. కానీ బాతులకు హైవే అడ్డం కాదు, నాకు అడ్డమే. వాళ్లు నేరుగా దాటిపోయారు, నేను యూ టర్న్ దాకా లారీల మధ్య వెళ్లి తిరిగి రావాలి. బాతుల్ని వాళ్లు అంటున్నాను, తెలుసు. ఆ రోజు అలాగే అనిపించాయి. అత్తమ్మ మెడ వెనక్కి తిప్పి చూస్తూ, గోడ, పెద్ద గోడ, గోడ లోపలికి వొయినయి అని చెబుతూనే ఉంది. అది క్యాంపస్ గోడ.

గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి మా వేగం చూసి ఎదురొచ్చాడు. ఎక్కడో ఉత్తరాది వాడు.

"కిస్ సే మిల్నా హై?" అన్నాడు, ఎవరిని కలవాలని.

అత్తమ్మ వెనక నుంచి తనకొచ్చిన హిందీలో జవాబిచ్చింది.

"హమారా బతఖ్ అందర్ గయా. చార్ బతఖ్."

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు, అన్నేళ్ల ఉద్యోగంలో బాతుల కోసం వచ్చినవాళ్లను మొదటిసారి చూస్తున్నట్టున్నాడు. లోపలికి ఫోన్ చేశాడు. మేం చెప్పిన మాట అక్కడ ఎవరికో నవ్వు తెప్పించింది, అది ఫోన్లోంచి మాకూ వినిపించింది. కాసేపటికి లోపలి నుంచి నడుచుకుంటూ వచ్చింది మా ఊరి మనిషే, అక్కడి మెస్సులో పని చేసే అమ్మాయి. నాకు వరసకు ఆడబిడ్డ.

"వదినె, నువ్వా? గవి మీ బాతులా?" అంది. "వాటి కాళ్లకున్న గుడ్డ ఏడనో సూసిన అనుకుంటనే ఉన్న. బొడ్రాయి పండుగకు నువ్వు కట్టిన చీర గదా అది?"

"ఎన్ని రోజుల సంది వస్తున్నయి గీడికి?" అని అడిగాను.

"వానలు ముదిరిన కాడి నుంచి రోజూ. పొద్దటి టిఫిన్ అయితుంటే దిగుతయి. పోరగాళ్లు ఇడ్లీలు ఏస్తరు. పగటి బువ్వ దాంక గీ కుంటలనే ఉంటయి, తిని, లేచి పోతయి. ఎందుకు వదినె, ఏమైంది?"

పొద్దున మా ఇంట్లో లేచింది మొదలు మధ్యాహ్నం తిరిగొచ్చేదాకా అవి అక్కడే. మధ్యలో ఇంకెక్కడికీ వెళ్లడానికి వ్యవధి లేదు. అయినా నమ్మకం చిక్కలేదు నాకు. నీళ్లు చూడాలన్నాను. ఆమె సెక్యూరిటీతో మాట్లాడి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది.

చెట్ల మధ్య వాన నీళ్ల కుంట. అంచున మెట్లు. మా బాతులు నాలుగూ నడి నీళ్లలో, లోకం పట్టనట్టు తేలుతున్నాయి. ఒక ఆడపిల్ల మెట్ల మీద కూర్చుని బ్రెడ్డు తుంచి వేస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"ఆంటీ, ఇవి మీవా? మేం వలస పక్షులనుకున్నాం," అంది.

"వలస ఏం లేదు బిడ్డా. గీ రోడ్డుకు అవుతల ఇల్లు," అంది అత్తమ్మ.

ఆమె మెట్లు దిగి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని వంగి, దోసిట్లో నీళ్లు ఎత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. మా ఊళ్లోనే పుట్టి, అక్కడే మెట్టిన మనిషి ఆమె. నీళ్ల విషయంలో ఏ పరీక్షకన్నా నాకు ఆమె ముక్కు మీద గురి.

"చెరువు వాసన," అంది. "పాకుడు, బురద, చేప. గంతే. గిది మంచి నీళ్లు."

ఆమె వేళ్ల సందుల్లోంచి జారే నీళ్లలో వేలెడు చేపపిల్ల ఒకటి ఎగిరి కుంటలో పడింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. ముందు మెల్లగా, తర్వాత ఆపుకోలేక. బ్రెడ్డు వేసే పిల్ల కంగారుపడి నీళ్ల సీసా ఇచ్చింది. మూత తీసి, వాసన చూసి, తాగాను. తర్వాత నవ్వొచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో ఒంట్లో ఒక ముడి విప్పుకున్నట్టు, మోకాళ్ల దాకా తేలికైపోయాను.

ఇంటికి వచ్చేటప్పుడు అత్తమ్మ ఆకాశం చూడలేదు. నా వీపుకు తల ఆనించి కూర్చుంది.

ఇక దద్దుర్ల సంగతి మిగిలింది. అది బాతుల వల్ల కాదని తేలాక దేని వల్లనో తేలడానికి ఒక పూట పట్టింది. ఆ మధ్యాహ్నమే ముఖం కడుక్కుని దండెం మీది తువ్వాలు లాగి మెడ తుడుచుకున్నాను. మెడంతా భగ్గుమంది. గోకితే ఎర్రటి పొంగు. సరిగ్గా పాపకు వచ్చిన చోట, పాపకు వచ్చినట్టే. తలెత్తి చూశాను. మునగచెట్టు మానంతా గొంగళి పురుగులు, ఒకదాని మీద ఒకటి, దుప్పటి పరిచినట్టు. కొన్ని కొమ్మ పట్టుకుని సరిగ్గా దండెం పైకి పాకుతున్నాయి. వాటి నూగు గాలికి రాలి, చెట్టు వైపు కొసన నేను రోజూ ఆరేసే పాప గౌన్ల మీద పడుతోంది, ఆ రోజు తువ్వాలు మీదా పడింది. వానాకాలంలో మునగచెట్టు కింద బట్టలు ఆరేసేంత తెలివి నాది. ఆ దండెం అక్కడికి తెచ్చింది బాతుల రెట్టలకు భయపడి. అంటే దోషం బాతులదే అని అత్తమ్మ తీర్పు చెప్పింది, కానీ నవ్వుతూ చెప్పింది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కర్రకు గుడ్డ చుట్టి కిరోసిన్ పోసి, పురుగుల్ని కాల్చేశాడు. నేను ఇంట్లో ఉన్న ప్రతి బట్టనూ వేడి నీళ్లలో వేశాను. దండెం మళ్లీ స్లాబు మీదికి ఎక్కింది. రెట్టలు పడితే పడనీ, ఉతుక్కుంటాను. వారం తిరగకుండా పాప వీపు నున్నగా అయింది. నేను రోజుకు నాలుగుసార్లు గౌను ఎత్తి చూస్తుంటే విసుక్కునేది.

గుడ్డు మళ్లీ పెట్టొచ్చని డాక్టరు చెప్పిన పొద్దున మూడు గుడ్లు ఉడికించాను. అత్తమ్మకు ఒకటి, పాపకు ఒకటి, నాకు ఒకటి. ఉప్పూ మిరియాల పొడీ చల్లి పళ్లేల్లో పెట్టాను. పాప ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా? తిను, ఏం గాదు," అన్నాను.

"గిన్ని రోజులు మీరిద్దరే తిన్నరు. నాకు మాత్రం పెట్టలే," అంది.

"ఇద్దరం ఎవరు?"

"నేను తానానికి వోతే నువ్వు పొయ్యి తాన నిలవడి తిన్నవు. నువ్వు నీళ్లు పట్టవోతే నానమ్మ దొడ్లె కూసోని తిన్నది. నీళ్ల పొయ్యి మీద చెంబుల ఉడకవెట్టుకొని. పెంకులు మందారం కాడ ఏసింది. నేను కిటికీల కెళ్లి చూసిన."

ముంగిస ఎవరో అప్పుడు తెలిసింది. అత్తమ్మ వైపు చూశాను. ఆమె పళ్లెంలోకి చూస్తోంది.

"పారేస్త అంటివి గదా అత్తమ్మా," అన్నాను.

"నువ్వు ముట్ట అంటివి గదా," అంది. తల ఎత్తకుండానే చెప్పింది. "నాదేముందే, బతికినన్ని దినాలు బతికిన. ఇసమైతే ముందుగాల నాకు తెలవాలె అనుకున్న."

ఒకే ఇంట్లో, ఒకే భయంతో, ఒకరికి తెలియకుండా ఒకరం అదే పని చేశాం. ఆమె మీద నాకున్న పాత కోపాలన్నీ ఏమయ్యాయో తెలియదు. ఆ పూటకు ఒక్కటీ గుర్తులేదు.

ఆమె తన పళ్లెంలోని గుడ్డు తీసి, పాప పళ్లెంలో రెండోదిగా పెట్టింది.

"మేము దొంగలమే. నీ బాకీ ఇగో," అంది.

పాప ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఒక గుడ్డు రెండు చేతులతో ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూసింది.

"మంచిగనే ఉన్నది," అని కొరికింది.